ఏటిపాలవుతున్న బంగారు మందు

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు వినే ఉంటారు. పిల్లల జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో చూసి ఉంటారు, లేదంటే భీమవరం వాళ్లెవరైనా గర్వంగా చెప్పి ఉంటారు. 1995లో శతజయంతికి ఆయన పేర తపాలా బిళ్ల కూడా వచ్చింది. ఇంతకీ ఆయన ఏం కనిపెట్టారని పిల్లలు అడిగితే మాత్రం చాలామందిమి తడబడతాం. అందులో మన తప్పు అంతగా లేదు. ఆయన చేసినవి ఒకటీ రెండూ కావు మరి. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర, బోదకాలు రాకుండా ప్రభుత్వం ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర, క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడే మెథోట్రెక్సేట్... వీటన్నిటి వెనుకా ఆయన, ఆయన బృందం ఉన్నారు.

ఇవాళ మీకు చెప్పబోయేది వాటిలో ఒక్కదాని గురించి. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి యాంటీబయాటిక్ ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. పిడికెడు మట్టిలో దొరికిన మందు అది. అలాంటి మందులే ఇప్పుడు మన వాగుల్లో, చెరువుల్లో తేలుతున్నాయి. ఆయన జీవితకథను ఈ సంగతి పక్కన పెట్టుకుని చదివితే కొత్తగా కనిపిస్తుంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. ఆరోగ్యం సహకరించక దాన్ని ముందుగానే వదులుకున్నారు. సంసారం బరువు తల్లి వెంకమ్మ గారి మీద పడింది. పిల్లవాడేమో చదువులో అంతంతమాత్రం. పదమూడో ఏట కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. (మీ ఇంట్లో ఎవరికైనా ఇంటర్ మార్కులు తగ్గాయని దిగులుపడుతుంటే ఈ ముక్క ఒకసారి చదివి వినిపించండి.)

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతుండగా మనసు సన్యాసం మీదికి మళ్లింది. రామకృష్ణ మిషన్‌లో చేరిపోదామనుకున్నారు. తల్లి ససేమిరా అన్నారు. అలా 1915లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. శేషగిరి గారితో పెళ్లయింది, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు డబ్బు సాయం చేశారు. గాంధీ గారి పిలుపు విని ఆపరేషన్ థియేటర్లోకి ఖద్దరు గౌనుతో వెళ్లడం శస్త్రచికిత్స ఆచార్యుడైన తెల్లదొరకు నచ్చలేదు. ఫలితంగా ఎంబీబీఎస్ పట్టాకు బదులు ఒక మెట్టు తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది.

ఆ రోజుల్లో వైద్యం ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి. యాంటీబయాటిక్ అన్న మాటే లేదు. బాలింతకు జ్వరం వచ్చినా, పిల్లవాడికి న్యుమోనియా పట్టినా డాక్టరు చేయగలిగింది కొద్దే. సుబ్బారావు గారి ఇంట్లోనే ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆగని విరేచనాలు, నోటిపూత, రక్తం తగ్గిపోవడం దాని లక్షణాలు. అదే జబ్బు ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. తర్వాత ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పారు. సోదరులను మింగిన స్ప్రూకు మందుగా పనికొచ్చిన ఫోలిక్ యాసిడ్‌ను 1945 నాటికి ఆయన బృందమే ప్రయోగశాలలో తయారుచేసింది. అప్పటికి చాలా ఆలస్యమైందనుకోండి.

1920ల తొలినాళ్లలో ఆయన అమెరికా ఓడెక్కారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత, మామగారు కొంత సర్దారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, రాత్రిపూట బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగి పొట్టపోసుకున్నారు. తర్వాత సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడానికి ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించిన పద్ధతికి ఇప్పటికీ వాళ్లిద్దరి పేర్లే ఉన్నాయి. కండరాలకు శక్తి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలను కూడా ఆ దశాబ్దంలోనే వెలికితీశారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత స్థానం దక్కలేదు. భార్య ఇక్కడ, ఆయన అక్కడ. మళ్లీ స్వదేశం రానేలేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి మారి, కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. యుద్ధం రోజులు. పెన్సిలిన్ అద్భుతాలు చేస్తోంది. కానీ దానికి లొంగని జబ్బులు ఎన్నో ఉన్నాయి. పైగా సూదిమందుగానే ఇవ్వాలి. 1943లో మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ దొరకడంతో కంపెనీలన్నీ మట్టి మీద పడ్డాయి.

మట్టే ఎందుకంటారా? మీ పెరట్లో చిటికెడు మట్టి తీస్తే అందులో కోట్ల సూక్ష్మజీవులుంటాయి. ఉన్న కాస్త తిండి కోసం, చోటు కోసం అవి పోట్లాడుకుంటూ ఉంటాయి. కొన్ని పక్కవాటిని అణచడానికి విషం వదులుతాయి. ఆ విషాన్నే మనం యాంటీబయాటిక్ అంటున్నాం. ఇక్కడొక చిన్న విషయం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరపడుతుంది. విషం తయారుచేసే జీవి ఆ విషానికి తాను చావకూడదు కదా. అందుకని విరుగుడు కూడా తన దగ్గరే ఉంచుకుంటుంది. అంటే మందు ఎంత పాతదో, దాన్ని తట్టుకునే విద్య కూడా అంత పాతదే. మట్టిలో అది కొద్దిపాటి జీవుల దగ్గర, కొద్దికొద్దిగా ఉండేది.

ఈ వెతుకులాట కోసం లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తను పెట్టుకున్నారు. ఆయన అప్పటికే విశ్వవిద్యాలయం నుంచి రిటైరై డెబ్బై దాటిన పెద్దమనిషి. పాత స్నేహితులకు ఉత్తరాలు రాసి దేశం నలుమూలల నుంచి మట్టి తెప్పించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయం ప్రయోగాల కోసం ఉంచుకున్న శాన్‌బోర్న్ పొలంలో, గడ్డి పెంచే 23వ నంబరు మడి నుంచి వచ్చిన మట్టిలో ఒక జీవి దొరికింది. దానికి పెట్టిన గుర్తు ఏ-377. బంగారు రంగులో ఉండేది. అది వదిలిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆరమ్ అంటే బంగారమే. నోటితో మింగితే చాలు, పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో రకాల క్రిములను అది లొంగదీసింది. మనుషుల మీద మొదటిసారి వాడి చూసింది న్యూయార్క్ హార్లెమ్ ఆసుపత్రిలో లూయిస్ రైట్ అనే నల్లజాతి వైద్యుడు.

మట్టి వెదికిన చేయి డగ్గర్‌దే. కానీ ఆ చేతికి ప్రయోగశాలనూ డబ్బునూ సమకూర్చి, రసాయన శాస్త్రవేత్తలనూ వైద్యులనూ ఒక్క తాటి మీద నడిపింది సుబ్బారావు గారు. ప్రకటనల్లో తన పేరు ముందుండాలని ఆయన ఎన్నడూ పట్టుపట్టలేదు. మన దగ్గర ఆయన్ను మరిచిపోవడానికి ఇదీ ఒక కారణమనిపిస్తుంది.

1948 జులైలో న్యూయార్క్‌లో జరిగిన సభలో ఆరియోమైసిన్ సంగతి లోకానికి చెప్పారు. నెల తిరక్కుండానే, ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53. ఆ మందు లక్షల ప్రాణాలు కాపాడటాన్ని ఆయన చూడలేదు. తర్వాత జరిగినదీ చూడలేదు.

ఆ తర్వాత జరిగినదానికి తొలి సూచన ఎక్కడో కాదు, పెర్ల్ రివర్‌లోనే కనిపించిందంటారు. కర్మాగారం దిగువన ఏట్లో గాలం వేసేవాళ్లు, ఈ మధ్య చేపలు బాగా పెద్దవి పడుతున్నాయని చెప్పుకున్నారట. ఆరియోమైసిన్ తయారుచేశాక మిగిలిన వ్యర్థాలు ఆ నీళ్లలోకి పోతుండేవి. ఆ చేపల కథలో ఎంత నిజముందో గానీ, లెడర్లీ శాస్త్రవేత్తలు అదే పిప్పిని కోడిపిల్లల దాణాలో కలిపి చూశారు. కోళ్లు త్వరగా బరువెక్కాయి. 1950లో ఆ సంగతి ప్రకటించారు. అక్కడి నుంచి ప్రపంచమంతటా జబ్బు లేని కోళ్లకూ పందులకూ రోజూ కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ తినిపించడం వ్యాపారమైపోయింది. ప్రాణాపాయంలో ఉన్న మనిషికోసం వెతికి తెచ్చిన మందును నాలుగు గ్రాముల మాంసం కోసం దాణాలో కలపడం చూస్తే సుబ్బారావు గారు ఏమనుకునేవారో!

ఇప్పుడు ఆ విరుగుడు విద్య సంగతికి వద్దాం. ఏట్లోనో చెరువులోనో మందు కొద్దికొద్దిగా ఎప్పుడూ ఉంటే, దానికి లొంగే బ్యాక్టీరియా చస్తాయి, తట్టుకునేవి మిగిలి పెరుగుతాయి. ఇంతవరకైతే మామూలు సంగతే. బ్యాక్టీరియాకు ఇంకో గుణముంది. విరుగుడు విద్య రాసి ఉన్న జన్యువుల ముక్కను, చీటీ అందించినట్టు, పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా ఇచ్చేయగలవు. 1950ల్లో జపాన్‌లో జిగట విరేచనాల రోగుల్లో ఒకేసారి నాలుగైదు మందులకు లొంగని క్రిములు కనిపించాయి. వాటిలో టెట్రాసైక్లిన్ కూడా ఒకటి. పేగుల్లో ఉండే మామూలు ఈ-కోలి నుంచి విరేచనాల క్రిమికి ఈ గుణం చేరుతోందని అక్కడి పరిశోధకులు 1959లో చూపించారు. సుబ్బారావు గారు పోయి అప్పటికి పదకొండేళ్లే.

మన సంగతి చూద్దాం. స్వాతంత్ర్యం వచ్చాక మందులు మనమే చేసుకోవాలని 1961లో ఐడీపీఎల్‌ను పెట్టారు. సోవియట్ సాయంతో రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్ కర్మాగారం, హైదరాబాద్ బాలానగర్‌లో మరో కర్మాగారం వచ్చాయి. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1970 పేటెంట్ చట్టం వాళ్లకు కలిసొచ్చింది. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు పేర్లు ప్రపంచ మందుల పటంలోకి ఎక్కాయి. మందులు చవకయ్యాయి. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం చేతిలో ఉన్న ఆయుధం సుబ్బారావు గారి కుటుంబపు టెట్రాసైక్లినే. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

దాని ఖర్చు ఎవరు భరించారన్నదే ప్రశ్న. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల నుంచి వ్యర్థజలం ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రానికి వచ్చేది. అక్కడ శుద్ధి అయిన తర్వాత బయటికి వదిలే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మీరు ఆ మాత్ర మింగినప్పుడు మీ రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! రోజుకు అలా పోయే మందు దాదాపు 45 కిలోలని, స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మొత్తంతో సమానమని లెక్క తేల్చారు. ఆ నీరు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర వైపు పారేది. 2009లో వచ్చిన మరో అధ్యయనం చుట్టుపక్కల చెరువుల్లోనే కాక గ్రామాల బావుల్లో కూడా మందుల ఆనవాళ్లు చూపించింది. 2014లో కాజీపల్లి చెరువు మట్టిని జన్యుపరీక్ష చేస్తే, ఎన్నో రకాల యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు అక్కడ కుప్పలుగా కనిపించాయి. మిస్సోరీ పొలం మట్టిలో దొరికింది మందు. కాజీపల్లి చెరువు మట్టిలో దొరికింది విరుగుడు.

తర్వాత కొన్ని మార్పులొచ్చాయి. పటాన్‌చెరు నీటిని 18 కిలోమీటర్ల పైపులైనుతో నగరం మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. కొన్ని కంపెనీలు చుక్క నీరు బయటికి వదలని పద్ధతికి మారాయి. అయితే అంబర్‌పేట దాటాక నీరు చేరేది మూసీలోకే. ఆ నీటితో పెంచిన గడ్డి నగరంలో పాడి పశువులు తింటాయి, ఆకుకూరలు మన బజార్లకొస్తాయి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కర్మాగారాల వ్యర్థజలంలో యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో చెబుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇలాంటి కర్మాగారాల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది కానీ, అవి పాటించి తీరాల్సిన చట్టం కాదు.

మీకు వెంటనే వచ్చే సందేహం: మరి మా కుళాయి నీళ్ల మాటేమిటి? తాగేనీటిలో మందు ఆనవాళ్లున్నా అవి అతి స్వల్పంగా ఉంటాయి, వాటివల్ల నేరుగా జబ్బు పడతామని భయపడక్కర్లేదు. అసలు చిక్కు మందును తట్టుకోవడం నేర్చిన క్రిములతో. 2011లో ఢిల్లీలో 50 కుళాయి నమూనాలు తీస్తే రెండింటిలో, వీధుల్లో నిలిచిన 171 నీటి నమూనాల్లో 51 చోట్ల ఎన్డీఎం-1 జన్యువు దొరికింది. ఆసుపత్రుల్లో చివరి ఆశగా దాచుకునే మందులను కూడా పనిచేయనివ్వని జన్యువు అది. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి, కాబట్టి ఆ పాత అలవాటు వదలకండి. మందు అణువులు మాత్రం మరగబెట్టినంత మాత్రాన అన్నీ పోవు.

ఇదంతా మీ ఇంటికి ఏ రూపంలో వస్తుందో తెలుసా? అమ్మకో అత్తయ్యకో మూత్రంలో మంట వచ్చి కల్చర్ పరీక్ష చేయిస్తారు చూడండి, ఆ రిపోర్టు రూపంలో. మందుల పేర్ల వరస పక్కన ఎస్ అని ఉంటే క్రిమి లొంగుతుంది, ఆర్ అని ఉంటే లొంగదు. ఈసారి రిపోర్టు వచ్చినప్పుడు ఆ ఆర్‌లు లెక్కపెట్టండి. మాత్రలతో పోవాల్సిన జబ్బుకు ఆసుపత్రిలో చేరి సెలైన్‌లో మందు ఎక్కించుకోవాల్సి వచ్చేది అందుకే. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

నీళ్లలో మందు కలిపేది కర్మాగారాలే కాదు, మనమూ కలుపుతాం. అమాక్సిసిలిన్, సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ వంటి వాటిలో దాదాపు సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి పోతుంది. మన మురుగు శుద్ధి కేంద్రాలను కట్టింది దాన్ని తీసేయడానికి కాదు. జలుబుకూ వైరల్ జ్వరానికీ దుకాణంలో అడిగి కొనుక్కున్న యాంటీబయాటిక్ జబ్బును తగ్గించకపోగా నేరుగా డ్రైనేజీలో చేరుతుంది. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టరు రాస్తేనే కొనాల్సిన మందు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు టాయిలెట్‌లో వేసి నీళ్లు కొట్టకండి, సింకులో సిరప్ వంపకండి. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు గడువు తీరిన మందులను ఇంట్లోని ప్రమాదకర చెత్త కింద లెక్కగట్టాయి. తడి, పొడి చెత్తల్లో కలపకుండా విడిగా కవర్లో కట్టి, మందులని చెప్పి ఇవ్వాలి. కేరళలో వీటిని వెనక్కి తీసుకునే ఏర్పాటు చేశారు. మీ కాలనీ సంఘం సమావేశంలో పార్కింగ్ గొడవ తేలాక ఈ మాట ఎత్తి చూడండి.

సుబ్బారావు గారి గురించి ఇంకొక్క సంగతి. ఆయన పోయిన కొన్నేళ్లకు, 1953లో, కొత్తగా దొరికిన ఒక శిలీంధ్రానికి ఆయన జ్ఞాపకంగా సబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు. ఆ బూజు దొరికింది మురుగునీటిని శుద్ధి చేసే ఫిల్టర్లలో. రాళ్లు పరిచిన ఆ మడుల మీద మురుగు మెల్లగా కారుతుంటే, రాళ్లకు పట్టుకుని పెరుగుతుంది.